వేసవి పుస్తకాలు కొనేముందు చూసుకోవలసినవి

తరగతిని బట్టి కాక, చదవగలిగే స్థాయిని బట్టి ఎంచుకోండి. ఐదో తరగతికి వచ్చినా ఒత్తుల దగ్గర, సంయుక్తాక్షరాల దగ్గర తడబడే పిల్లవాడికి లావుపాటి నవల ఇస్తే, అది రెండో పేజీలోనే మూతపడడమే కాక చదవడమంటేనే విముఖత మిగులుస్తుంది. అందుకే దుకాణంలోనే ఒక పేజీ పైకి చదివించి, ఐదారు మాటల దగ్గర ఆగిపోతే మరొకటి చూడండి.

ప్రథమ్ బుక్స్ అనే ప్రచురణ సంస్థ వారి స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా ఉచితంగా లభిస్తాయి కనుక, డబ్బు పెట్టకముందే పిల్లల స్థాయి తెలుస్తుంది.

ఒక పుస్తకమైనా పిల్లలనే ఎంచుకోనివ్వండి. జనరల్ నాలెడ్జి పుస్తకాలు అంటగడితే అవి సెలవులే కావు.

విదేశాల్లో పెరుగుతున్నవారికి తెలుగు, ఇంగ్లిషు పక్కపక్కన ఉన్నవి మేలు, ఎందుకంటే అర్థం కాని చోట కథ ఆగదు.

నాయనమ్మ, తాతయ్యలు చదివి వినిపించేవైతే అచ్చు పరిమాణం చూడండి; సన్నని అక్షరాలు ఎవరినైనా అలసిపోయేలా చేస్తాయి.