పాత ఫోర్ బై ఫోర్ కొనేటప్పుడు పెట్రోలా, డీజిలా? ఎలా తేల్చుకోవాలి?

ఫోర్ బై ఫోర్ అంటే నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందే బండి. "ఫోర్ బై ఫోర్ కొంటున్నాం, ఒకసారి వచ్చి చూడండి" అని నన్ను పిలిచేవాళ్లలో సగం మంది అప్పటికే అడ్వాన్సు ఇచ్చేసి ఉంటారు. పెట్రోలా డీజిలా అన్నది కూడా బావమరిదో ఎదురింటాయనో చెప్పిన మాట మీద ఖాయమైపోయి ఉంటుంది. "డీజిలైతే లాగుడు బాగుంటుందండీ" అంటారు. నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారని అడిగితే మాత్రం జవాబు ఉండదు. అసలు మొదలుపెట్టాల్సింది అక్కడే.

కావలసినవి: టార్చిలైటు, పాత తెల్లగుడ్డ, బండి కిందకి దూరడానికి ఒక గోనెసంచి, బండి అమ్మేవాడితో సంబంధం లేని డీజిల్ మెకానిక్కు.

మీ తిరుగుడు లెక్క వేయండి

హైదరాబాద్‌లో ఈ మధ్య పెట్రోలు కంటే డీజిల్ లీటరుకి సుమారు 12 రూపాయలు తక్కువ. ఈ తరహా బరువైన బండి పెట్రోలుకి 9, డీజిల్‌కి 12 కిలోమీటర్లు ఇస్తుందనుకుందాం. కిలోమీటరుకి పెట్రోలు బండి దాదాపు 12 రూపాయలు తాగితే, డీజిల్ బండి 8 తాగుతుంది. తేడా 4 రూపాయలు. నెలకి 500 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి మిగిలేది 2,000. పాత డీజిల్ బండికి ఒక్కసారి ఇంజెక్టర్లు (ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మేవి) మార్పించారంటే అలా కూడబెట్టిందంతా ఒక్క బిల్లులో పోతుంది. నెలకి 2,000 కిలోమీటర్లు తిరిగేవాళ్లకి 8,000 మిగులుతాయి, వాళ్ల సంగతి వేరు.

నెలకి వెయ్యిలోపు అయితే పెట్రోలు. పదిహేను వందలు దాటితే డీజిల్. మధ్యలో ఉన్నవాళ్లు, ఒక్కో ట్రిప్పు ఎంత దూరమో చూసుకోవాలి. పిల్లల్ని బడి దగ్గర దింపి, కూరగాయలు తెచ్చుకుని, మూడు కిలోమీటర్లకే ఆపేసే బండి డీజిల్ కాకూడదు. ముఖ్యంగా 2020 ఏప్రిల్ తర్వాత కొత్త కాలుష్య ప్రమాణాలతో వచ్చిన బీఎస్-6 డీజిల్ అసలే కాకూడదు. వాటి సైలెన్సర్ దారిలో మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ ఉంటుంది. హైవే మీద ఓ అరగంట ఆగకుండా పరిగెత్తితే ఆ వేడికి పట్టిన మసిని అదే కాల్చుకుంటుంది. ఊళ్లోనే తిప్పితే కాలదు, పూడుకుపోతుంది. మార్చాల్సి వస్తే దాని ధర విని ఏడ్చినవాళ్లు నాకు తెలుసు.

ఏ బండిలో ఏముంది

మన దేశంలో చాలా ఫోర్ బై ఫోర్‌లకి ఆ ఎంపికే లేదు. మారుతి జిప్సీ, జిమ్నీ పెట్రోలు మాత్రమే. ఫార్చ్యూనర్, స్కార్పియో-ఎన్‌లలో ఫోర్ బై ఫోర్ కావాలంటే డీజిలే. రెండూ దొరికేది ముఖ్యంగా 2020లో వచ్చిన థార్‌లో. దాని 2 లీటర్ల టర్బో పెట్రోలు 150 హార్స్‌పవర్, 2.2 లీటర్ల డీజిల్ 130. లాగుడు బలం కూడా రెంటికీ ఇంచుమించు సమానం. డీజిలే లాగుతుందన్న మాట టర్బో లేని పాత పెట్రోలు ఇంజన్ల కాలం నాటిది.

నల్లరేగడి పొలాల్లో తిరిగేవాళ్లు బరువు గురించి కూడా ఆలోచించాలి. డీజిల్ ఇంజన్ అదనపు బరువంతా ముందు చక్రాల మీద పడుతుంది. వానాకాలంలో రేగడి దారిలో బరువైన డీజిల్ బండి ముక్కు దించుకుని కూరుకుపోతే, టన్ను అటూఇటూ ఉండే జిప్సీ పక్కనుంచి దాటిపోవడం నేను చూశాను. అదే జిప్సీని ఐదుగురితో, సామానుతో మారేడుమిల్లి ఘాట్ ఎక్కించి చూడండి, ప్రతి మలుపులో గేరు దించాలి.

కాగితాలు

ఆర్‌సీలో ఇంధనం గడి, ఇంజన్ నంబరు చూడండి. ఇంజన్ మార్చేసిన జిప్సీలు, పాత జీపులు చాలా తిరుగుతున్నాయి. ఇంజన్ మీద చెక్కిన నంబరు ఆర్‌సీతో కలవకపోతే తిరిగి వచ్చేయండి. ఢిల్లీ బండి అయితే ఇంకో లెక్క ఉంది. అక్కడ 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద 2014, 2015లలో హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఆంక్షలు పెట్టాయి. దాంతో అక్కడి డీజిల్ బండ్లు చవగ్గా ఇక్కడికి దిగుతుంటాయి. ఎన్‌వోసీ (అక్కడి ఆర్టీవో ఇచ్చే అభ్యంతరం లేదన్న పత్రం) ఖర్చు, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్స్ కలిపాక ఆ చవక ఎంత మిగిలిందో కాగితం మీద రాసుకోండి.

చల్లటి ఇంజన్ స్టార్ట్ చేయడం

అందరూ తప్పు చేసేది ఇక్కడే. నేనూ చేశాను. కొన్నేళ్ల క్రితం ఒక డీజిల్ బండి చూడ్డానికి పదకొండింటికి వెళ్లాను. బానెట్ వేడిగా ఉంది. "ఇప్పుడే కడిగించుకొచ్చామండీ" అన్నారు. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది, పొగ లేదు, తీసుకున్నాను. మర్నాడు ఉదయం ఆరింటికి నా వాకిట్లో పదిహేను సెకన్లు సెల్ఫ్ కొడితే గానీ అందుకోలేదు. వీధంతా తెల్లపొగ. నాలుగు ఇంజెక్టర్లూ పోయి ఉన్నాయి.

అందుకే బండి చూడ్డానికి తెల్లారకముందే వెళ్లండి. రాత్రి నుంచి ముట్టుకోవద్దని ముందే చెప్పండి. అయినా నమ్మకుండా రేడియేటర్ పైగొట్టం మీద చేయి పెట్టి చూడండి. బానెట్ రేకు మీద పెడితే చాలదు, ఎండాకాలంలో అది ఎప్పుడూ వేడిగానే ఉంటుంది. గొట్టం గోరువెచ్చగా ఉన్నా ఇంకో రోజు వస్తానని చెప్పండి. మొహమాటపడకండి.

స్టార్ట్ చేసే ముందు ఆయిల్ గేజి తీసి చూడండి. డీజిల్‌లో ఆయిల్ నల్లగా ఉంటే కంగారుపడొద్దు, కొత్త ఆయిల్ పోసినా రెండు రోజుల్లో నల్లబడుతుంది. చూడాల్సింది మట్టం. బీఎస్-6 బండిలో అది పై గీత దాటి, డీజిల్ వాసన వస్తోందంటే డీపీఎఫ్ ఫిల్టర్ మసి కాల్చడానికి వదిలిన డీజిల్ ఆయిల్లో కలుస్తోందని అర్థం. ఆ బండి ఊళ్లోనే తిరిగింది. ఆయిల్ పలచబడితే బేరింగులు అరిగిపోతాయి.

ఇప్పుడు తాళం తిప్పి, హీటర్ ప్లగ్ (చల్లటి ఇంజన్‌ని లోపల వెచ్చబరిచేది) లైటు ఆరేదాకా ఆగి, సెల్ఫ్ కొట్టండి. రెండు మూడు సెకన్లలో అందుకోవాలి. ఒకరు సైలెన్సర్ వెనక నిలబడాలి. మొదట్లో కాస్త పొగ ఫర్వాలేదు. తెల్లపొగ నిమిషం దాటినా ఆగకపోతే ఇంజెక్టర్లో, కంప్రెషనో. నీలంపొగ ఆయిల్ కాలుతోందని. నల్లపొగ డీజిల్ ఎక్కువవుతోందనో, గాలి చాలడం లేదనో. హీటర్ ప్లగ్‌లు పోయినా విజయవాడలో బండి స్టార్టవుతుంది, ఎవరికీ తెలియదు. డిసెంబరులో లంబసింగి వెళ్లి పడుకుంటే పొద్దున్నే తెలుస్తుంది. అందుకే వాటిని విడిగా మెకానిక్కు చేత చూపించండి.

ఇంజన్ నడుస్తుండగా ఆయిల్ పోసే మూత విప్పి, అదే కంత మీద బోర్లా పెట్టండి. మూత కొద్దిగా వణికితే సరే. ఎగిరి పడితే, పొగ చిమ్మితే, మెకానిక్కులు బ్యాక్ కంప్రెషన్ అనేది అదే. లోపల సిలిండర్లు అరిగి బోరుకి వచ్చిన ఇంజన్.

పావుగంట ఏసీ వేసి నడపనిచ్చి, ఆపి, వెంటనే మళ్లీ స్టార్ట్ చేయండి. చల్లగా బాగా అందుకుని వేడెక్కాక మొరాయించే డీజిల్‌లో పంపో ఇంజెక్టరో లీకవుతోంది. ఈ రెండోసారి పరీక్షని దాదాపు ఎవరూ చేయరు. చివరగా డీజిల్ పంపులు, ఇంజెక్టర్లు బాగుచేసే షాపులో ఇంజెక్టర్ల రిటర్న్ గొట్టాలకి నాలుగు చిన్న సీసాలు కట్టించి చూడమనండి. ఒక సీసా మిగతావాటికంటే త్వరగా నిండితే ఆ ఇంజెక్టర్ పని అయిపోయినట్టే. బండి కంప్యూటర్‌లో నమోదైన తప్పులు చదివే, ఫోనుకి కలిపే స్కానర్‌తో సరిపోతుందని కొందరు వాదిస్తారు. స్కానర్‌లో తప్పులు చెరిపేయడానికి అర నిమిషం చాలు. సీసాలో డీజిల్ మట్టాన్ని ఎవరూ చెరపలేరు.

బీఎస్-6 డీజిల్ అయితే తెల్లగుడ్డ వేలికి చుట్టి సైలెన్సర్ లోపల తుడవండి. గుడ్డ దాదాపు శుభ్రంగా రావాలి. కాటుకలా మసి అంటితే లోపలి ఫిల్టర్‌ని కోసి తీసేశారో, పగిలిపోయిందో. ఆ బండి వద్దు.

పెట్రోలు అయితే

ఇది సులువు. పెట్రోలు ఇంజన్‌కీ చల్లటి స్టార్టే చూడండి, నీలంపొగ ఒక్కటే గమనించండి. గ్యాస్ కిట్ పెట్టి తీసేసిన కన్నాలు ఉన్నాయేమో వెతకండి. జిప్సీలాంటి పాతవాటికి పెట్రోలు పైపులు మార్పించాల్సిందే. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పాత రబ్బరుకి అది పడదు. మైలేజీ కూడా కాస్త తగ్గుతుంది.

ఫోర్ వీల్ వేసి చూడండి

మట్టి నేల మీద ఫోర్ హై (మామూలు వేగానికి), ఫోర్ లో (నెమ్మదిగా, బలంగా లాగడానికి) రెండూ వేసి ముందుకీ వెనక్కీ నడపండి. తారు రోడ్డు మీద వేసి మలుపులు తిప్పకండి, గేర్లు బిగుసుకుంటాయి. గోనెసంచి పరిచి కిందకి దూరి ఛాసిస్ చూడండి. తీరంలోనో, రొయ్యల చెరువుల దగ్గరో తిరిగిన బండి అయితే ఉప్పునీళ్లకి పట్టిన తుప్పుని కొత్త నల్ల పెయింటు కింద దాచి ఉంటారు. టార్చి వెనకభాగంతో కొట్టుకుంటూ వెళ్లండి, శబ్దం మొద్దుగా వచ్చినచోట గీకండి.

బండి ఇంటికి తెచ్చుకున్న రోజే ఇంజన్, గేర్‌బాక్స్, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు వెనక చక్రాలకి బలం పంచే పెట్టె), ముందు వెనక ఇరుసుల హౌసింగుల్లో ఆయిల్ మార్పించండి. డీజిల్ అయితే ఫిల్టర్ అడుగున ఉన్న స్క్రూ వదులు చేసి, కారినదాన్ని గాజు గ్లాసులో పట్టి పది నిమిషాలు కదపకుండా ఉంచండి. గ్లాసు అడుగున నీళ్లు విడిగా తేరితే, బండి బయటికి తీయకముందే ట్యాంకు దింపించి కడిగించండి.