మట్టి కుండీ మీద పెయింట్ ఊడిపోతుంటే నేనేం చేశానంటే

బాల్కనీలో మట్టి కుండీలకి వేసిన యాక్రిలిక్ పెయింట్ బుడగలొచ్చి పెచ్చులు పెచ్చులుగా ఊడిపోయింది, గోరుతో లాగితే వెనకాల తెల్లగా ఉప్పు తేలి ఉంది. పెయింట్ మంచిదే, కాకపోతే మట్టి కుండీ నీళ్లు పీలుస్తుంది కదా, లోపల పోసిన నీళ్ల తేమ గోడలోంచి బయటికొస్తూ రంగుని నెట్టేస్తుంది. సో మొక్కలు తీసేసి, ఎమరీ పేపర్‌తో గీకి, వెనిగర్ కలిపిన నీళ్లతో ఆ ఉప్పంతా తోమి, కడిగి ఎండలో బాగా ఆరబెట్టా, పైకి ఆరినట్టున్నా అడుగు చల్లగా తగిలితే ఇంకా తేమ ఉన్నట్టే. తర్వాత లోపలివైపు వాటర్‌ప్రూఫ్ సీలర్ రెండు కోట్లు, అడుగు చిల్లు మాత్రం మూయొద్దు! బయట ప్రైమర్, రంగు, పైన వార్నిష్. అంత ఓపిక లేకపోతే మొక్కని ప్లాస్టిక్ కుండీలో పెట్టి ఇందులో దించేయండి, నిజానికి అదే ఈజీ. తులసి కుండీకి మాత్రం పెయింట్ జోలికే పోలేదు, జాజు పూసి సుద్దతో ముగ్గేశా, చెరిగితే మళ్లీ వేసుకోవచ్చు.