స్ప్లెండర్‌కి కోన్ సెట్టు ఇంటి దగ్గరే మార్చుకోవడం

హ్యాండిల్ నేరుగా ఉన్నచోట చిన్నగా తట్టి ఆగుతోందా? నెమ్మదిగా పోతున్నప్పుడు బండి మీ చేతి మాట వినకుండా అటూ ఇటూ జరుగుతోందా? ముందు బ్రేకు పట్టగానే ట్యాంకు ముందు నుంచి టక్కుమని చప్పుడొస్తోందా? స్ప్లెండర్ నడిపేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు వీటిలో ఏదో ఒకటి తప్పదు. చూడాల్సింది కోన్ సెట్టు, అంటే హ్యాండిల్ తిరిగేచోట ఉండే బేరింగు.

మాది సత్తెనపల్లి దగ్గర పల్లె. తెల్లారేసరికి పాల క్యాన్లు కట్టుకుని టౌనుకి పోవాలి. వెనకాల రెండు పక్కలా క్యాన్లు, కాలవ కట్ట మీద వరసగా గుంతలు. ఆఫీసుకి వెళ్లొచ్చే బండికంటే నా బండికి ఈ సెట్టు తొందరగా పోతుంది. పెళ్లికి ముందు ఒక షెడ్డులో పనిచేశాను, అక్కడి మేస్త్రి చేతికింద నేర్చుకున్న పని ఇది. పనిముట్లుండి, ఒక పూట తీరిక, పట్టుకోవడానికి తోడు ఒక మనిషి ఉంటే ఎవరైనా చేసుకోవచ్చు.

నేను చెప్పేది ముందు డ్రమ్ము బ్రేకున్న స్ప్లెండర్ సంగతి. 1994లో హీరో హోండా పేరుతో వచ్చిన మొదటి మోడల్ నుంచి ఇప్పటి హీరో స్ప్లెండర్ ప్లస్ దాకా ఈ భాగం విప్పే వరస దాదాపు ఒకటే. మిగతా 100 సీసీ బళ్లకీ చాలావరకు ఇదే పద్ధతి. కిట్టు మాత్రం మోడలు, సంవత్సరం చెప్పి కొనండి.

అసలు ఎందుకు పోతుంది

ట్యాంకు ముందు ఛాసిస్‌కి ఒక పొట్టి గొట్టం ఉంటుంది. దానికి పైన ఒక కప్పు, కింద ఒక కప్పు దిగగొట్టి ఉంటాయి. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కుల్ని కలిపి ఉంచే టీ కడ్డీ ఆ గొట్టంలోంచి పైకొస్తుంది. కప్పుకీ, ఆ కడ్డీకుండే కోనుకీ మధ్య ఉక్కు బాల్సు. చక్రం బేరింగు ఎప్పుడూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి అరుగుదల చుట్టూ సమానంగా పడుతుంది. హ్యాండిల్ అలా కాదు, రోజంతా దాదాపు నేరుగానే ఉంటుంది. అంటే గుంతలో పడ్డ ప్రతిసారీ అవే బాల్సు, అదే చోట దెబ్బ కొడతాయి. కొన్నాళ్లకి కప్పులో ఒక్కో బాలు కింద ఒక్కో చిన్న గుంట పడుతుంది. హ్యాండిల్ నేరుగా రాగానే బాల్సన్నీ ఆ గుంటల్లో కూర్చుంటాయి. మీ చేతికి తగిలే ఆ తట్టుడు అదే. బరువంతా మోసేదీ, బురద నీళ్లు ముందు తగిలేదీ కింది కప్పుకే కాబట్టి అది ముందు పోతుంది.

ఇది తెలిస్తే ఒక మాట దానంతటదే అర్థమవుతుంది: గుంటలు పడ్డ సెట్టుని బిగిస్తే బాగవదు. చాలా షెడ్లలో మొదట చేసేది మాత్రం పై కోనుని అదిమిపట్టే రింగు నట్టు బిగించడమే. చప్పుడు ఆగుతుంది, డబ్బులిచ్చి వచ్చేస్తాం. కానీ హ్యాండిల్ ఇంకా బిర్రుగా అయి, బాల్సు గుంటల్లో ఇంకా గట్టిగా కూర్చుంటాయి. నేరుగా పోతున్నామనుకుంటాం గానీ, రెండు చక్రాల బండి పడకుండా నిలబడేది హ్యాండిల్ క్షణక్షణం కొద్దికొద్దిగా అటూ ఇటూ తిరగడం వల్లే. ఆ తిరుగుడుని పట్టేస్తే బండి పాములా పోతుంది. లూజుగా ఉన్న హ్యాండిల్‌కంటే బిర్రుగా ఉన్నదే ప్రమాదమని నా గట్టి నమ్మకం. వెనకాల పిల్లల్ని కూర్చోబెట్టుకుని తిరిగేవాళ్లు ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చెయ్యొద్దు.

ముందు పరీక్ష

బండిని డబుల్ స్టాండు వేసి, ఇంజను కింద చెక్క దిమ్మె పెట్టి ముందు చక్రాన్ని లేపండి. హ్యాండిల్‌ని వేళ్ల కొసలతో నెమ్మదిగా ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పండి. మధ్యలో తట్టి ఆగితే గుంటలు పడ్డట్టే, సెట్టు మార్చాలి. తర్వాత బండికెదురుగా కూర్చుని ఫోర్కుల కింది కొసలు రెండూ పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. ఇంకొకరిని టీ పైభాగం, గొట్టం కలిసేచోట వేలు పెట్టి చూడమనండి. కదలిక వేలికి తెలుస్తుంది. కదులుతోంది గానీ తట్టుడు లేదంటే, రింగు నట్టు సరిచేస్తే చాలు. ఫోర్కుల మధ్య చక్రం ఒక్కటే అటూ ఇటూ ఆడితే అది చక్రం బేరింగు, వెనక చక్రం పక్కలకి ఊగితే వెనక బుష్షులు చూడాలి. వాటి పని వేరు.

కావాల్సినవి

కోన్ సెట్టు కిట్టులో రెండు కప్పులు, రెండు కోన్లు, బాల్సు వస్తాయి. ధర వెయ్యి లోపే ఉంటుంది, కంపెనీ సామానే తీసుకోండి. చౌకరకం కప్పు మెత్తగా ఉంటే మళ్లీ తొందరగానే గుంటలు పడతాయి, అప్పుడు ఈ విప్పుడంతా మళ్లీ మొదలు. మామూలు స్పానర్ల సెట్టు, టీ పైనుండే పెద్ద నట్టుకి సరిపోయే రింగు స్పానరు, సుత్తి, పొడుగాటి ఇనప కడ్డీ, ఉలి, బేరింగు గ్రీజు, కడగడానికి డీజిలు, పాత గుడ్డలు. వీటన్నిటికంటే ముఖ్యం సీ స్పానరు, రింగు నట్టు గాళ్లలో కొక్కెంలా పట్టుకునేది. అది లేక రింగు నట్టు గాళ్లలో ఉలి పెట్టి కొట్టేవాళ్లున్నారు. గాళ్లు చితికిపోతే తర్వాత ఆ నట్టుని సన్నగా సర్దుకోవడం కుదరదు, ఈ పనిలో అసలు కిటుకేమో ఆ సర్దుకోవడంలోనే ఉంది. కళ్లద్దాలు కూడా పెట్టుకోండి. కప్పు గట్టి ఉక్కు, సుత్తి దెబ్బకి పెచ్చు ఎగిరితే కంటికి ప్రమాదం.

విప్పడం

బ్యాటరీ నెగటివ్ వైరు తీసెయ్యండి. హెడ్‌లైటు దగ్గర వైర్లు, కేబుళ్లు ఏది ఏ పక్క నుంచి పోతోందో ఫోనులో ఫొటోలు తీసిపెట్టుకోండి. ట్యాంకు తీసేస్తే నిశ్చింత, లేదంటే మందపాటి దుప్పటి కప్పండి.

ముందు బ్రేకు కేబులు, మీటరు కేబులు విప్పి, ఇరుసు లాగి చక్రం తీయాలి. తర్వాత మడ్‌గార్డు. హ్యాండిల్‌కి నాలుగు బోల్టులు, అవి విప్పి కేబుళ్లతో సహా వెనక్కి ట్యాంకు మీద పడుకోబెట్టండి, కేబుళ్లు ఊడదియ్యక్కర్లేదు. హెడ్‌లైటు, మీటరు విప్పి పక్కకి. ఫోర్కుల పైన బోల్టులు విప్పేటప్పుడు మొహం వాటిపైకి వంచకండి, లోపల స్ప్రింగు తన్నే అవకాశం ఉంది. అరచేత్తో అదిమిపట్టి నిదానంగా తిప్పండి. టీ దగ్గర బిగించే బోల్టులు వదులు చేస్తే ఫోర్కులు కిందికి జారతాయి. వాటిని గోడకి నిలువుగా ఆనించండి, పడుకోబెడితే ఆయిలు కారుతుంది.

ఇక పెద్ద నట్టు విప్పి పై బ్రిడ్జి (ఫోర్కుల పైకొసల్ని పట్టుకునే పలక) తీయండి. కింద తెల్ల గుడ్డ పరవండి. తోడున్న మనిషిని టీని కిందనుంచి పట్టుకోమని, అప్పుడు సీ స్పానరుతో రింగు నట్టు విప్పండి. విడి బాల్సయితే గ్రీజుతో సహా రాలతాయి. పాతవాటిని పైవి పైవిగా, కిందవి కిందవిగా లెక్కపెట్టి రాసుకోండి. వాటిని మళ్లీ వాడొద్దు, కొత్తవి సరిపోయాయో లేదో చూసుకోవడానికే ఈ లెక్క.

కింది కప్పుని డీజిలు గుడ్డతో తుడిచి ఎండకి పెట్టి చూడండి. మెరిసే దారి మీద వరసగా, సమాన దూరంలో చుక్కలు కనిపిస్తాయి. వేలిగోరుతో ఆ దారి వెంట గీస్తే ఒక్కో చుక్క దగ్గరా గోరు దిగి ఆగుతుంది. చూడ్డానికి ఏమీ లేనట్టే ఉండే ఆ లోతు, బండి మీద ఇంత ఇబ్బంది పెడుతుంది.

కప్పులు తీసి, కొత్తవి దించడం

కింది కప్పుని తీయాలంటే కడ్డీని పైనుంచి గొట్టంలోకి దించి, కప్పు లోపలి అంచు మీద ఆనించి కొట్టాలి. ఒక దెబ్బ ఇటు, ఒక దెబ్బ అటు. ఒకే పక్క కొడితే కప్పు అడ్డం తిరిగి గొట్టాన్ని గీరుతుంది. పై కప్పుకి కిందనుంచి ఇదే పద్ధతి.

గొట్టం నోరు రెండు పక్కలా శుభ్రంగా తుడవండి. ఇసుక రేణువు మిగిలినా కప్పు వంకరగా కూర్చుంటుంది. కొత్త కప్పుని చేత్తో నిటారుగా నిలిపి, దానిమీద పాత కప్పుని బోర్లించి, ఆ పాతదాని మీద చెక్కముక్క పెట్టి కొట్టండి. బాల్సు తిరిగే దారికి సుత్తి ఎప్పుడూ తగలకూడదు. నాలుగు దెబ్బలకోసారి ఆగి, అంచు చుట్టూ ఒకే ఎత్తులో దిగుతోందో లేదో చూడండి. ఇక్కడ చెవి కూడా పనిచెయ్యాలి: కప్పు దిగుతున్నంతసేపూ దెబ్బ మొద్దుగా పలుకుతుంది, అంచుకి ఆనగానే చప్పుడు మారి ఖంగుమంటుంది. మా మేస్త్రి ఆ చప్పుడు వినకుండా సుత్తి కింద పెట్టనిచ్చేవాడు కాదు. చేత్తో తోస్తేనే కప్పు దూరిపోతోందంటే గొట్టం అరిగిందన్నమాట. అక్కడితో ఆపి లేతు పని తెలిసినవాళ్లకి చూపించండి, గుడ్డో రేకో చుట్టి దించే పని పెట్టుకోవద్దు.

టీ కడ్డీ అడుగున ఉండే కోనుని ఉలితో చుట్టూ మార్చి మార్చి తట్టి పైకి లేపాలి. కొత్తదాన్ని కడ్డీకి సరిపడే ఇనప పైపు తొడిగి దించండి. పైపు కోను లోపలి అంచు మీదే ఆనాలి. మరలు దెబ్బతినకుండా చూసుకోండి.

గ్రీజు, బాల్సు, బిగింపు

కప్పుల నిండా గ్రీజు పెట్టి బాల్సు పేర్చండి, గ్రీజు వాటిని రాలకుండా పట్టుకుంటుంది. చుట్టూ పేర్చాక కొంచెం ఖాళీ మిగలడం సహజం, ఇంకోటి ఇరికించొద్దు. కేజీతో (బాల్సుని పట్టి ఉంచే రేకు చట్రంతో) వచ్చిన బాల్సయితే పాతది ఏ ముఖం పైకి ఉందో అలాగే పెట్టండి. కిందనుంచి టీని నిటారుగా ఎక్కించి, పై కోను పెట్టి, రింగు నట్టు చేత్తో తిప్పండి.

బిగించడం తొందరపడే పని కాదు. మొదట సీ స్పానరుతో కాస్త గట్టిగా బిగించి, టీని ఈ కొస నుంచి ఆ కొసకి నాలుగైదుసార్లు తిప్పండి. బాల్సు సర్దుకుంటాయి, నట్టు కొద్దిగా వదులవుతుంది. ఇప్పుడు నట్టుని పూర్తిగా వదిలి, మళ్లీ ఆట (లూజు కదలిక) పోయేంతవరకే బిగించి, అక్కడ్నుంచి పిసరంత వెనక్కి. ఫోర్కులు, బ్రిడ్జి ఎక్కించి పెద్ద నట్టు బిగిస్తే ఆ బిగువు కింది బాల్స మీద కూడా పడుతుంది. అందుకే అసలు పరీక్ష అప్పుడు చెయ్యాలి. హ్యాండిల్ నేరుగా పెట్టి వేలితో కొంచెం తోసి వదిలెయ్యండి, గాలికి వాకిలి తలుపు వాలినట్టు దానంతటది చివరిదాకా వాలాలి, రెండు పక్కలకీ. వాలకుండా మధ్యలో నిలిచిపోతే బిర్రు. ఫోర్కులు పట్టి లాగితే కదిలిందంటే లూజు. ఏది కనిపించినా పెద్ద నట్టు వదులు చేసి రింగు నట్టుని పిసరంత సర్ది మళ్లీ చూడండి. ఎన్నిసార్లయినా ఫర్వాలేదు.

తిరిగి ఎక్కించేటప్పుడు

చక్రం పెట్టేటప్పుడు ఫోర్కు కాలికున్న ముక్కు బ్రేకు ప్లేటుకున్న గాడిలో కూర్చోవాలి. ఇది తప్పితే మొదటిసారి ముందు బ్రేకు పట్టగానే ప్లేటు చక్రంతోపాటు తిరిగి, చక్రం పట్టేస్తుంది. ఇరుసు నట్టు బిగించేముందు వంగి కళ్లతో చూసి నిర్ధారించుకోండి.

కేబుళ్లన్నీ ఫొటోలో ఉన్న దారినే పోవాలి. బండి స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో పెట్టి హ్యాండిల్‌ని రెండు చివర్లకీ తిప్పండి. ఏ పక్కయినా ఇంజను శబ్దం పెరిగిందంటే యాక్సిలేటరు కేబులు లాగుతోంది, అలా రోడ్డెక్కొద్దు. హారన్, ఇండికేటర్లు, లైటు కూడా చూసుకోండి.

మొదటి రోజు బరువు లేకుండా, ఖాళీ రోడ్డు మీద నెమ్మదిగా తిప్పి, నిలబడి ఉన్నప్పుడు ముందు బ్రేకు పట్టి బండిని ముందుకీ వెనక్కీ ఊపి చూడండి. కొత్త కప్పులు సర్దుకుంటాయి కాబట్టి రెండు మూడు వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ చక్రం లేపి అదే వేలి పరీక్ష చెయ్యండి. కొంచెం ఆట కనిపించడం మామూలే, రింగు నట్టు కాస్త సర్దితే సరిపోతుంది. ఆ తర్వాత ఏడాదికోసారి, మా కాలవ కట్టలాంటి దారైతే వానాకాలం పోగానే చూసుకోండి. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చినప్పుడు హ్యాండిల్ కింద ఆ సందులోకి ప్రెషర్ నీళ్లు నేరుగా కొట్టొద్దని పిల్లవాడికి చెప్పండి, నీళ్లు లోపలికి పోతే గ్రీజు కొట్టుకుపోయి బాల్సు తుప్పు పడతాయి.