కారు ఏసీ నీరు కాళ్ల దగ్గర కారుతుంటే: డ్రెయిన్ పైపు వెతికి శుభ్రం చేసుకునే పద్ధతి

ఒక ఆగస్టు సాయంత్రం విజయవాడ నుంచి గుంటూరుకు వెళుతూ, కనకదుర్గ వారధి దాటి తాడేపల్లి వైపు దిగుతుండగా, ముందు ఎడమ సీటులో కూర్చున్న మా బావగారు కాళ్లు పైకి తీసుకుని, "ఏవోయ్, నీళ్ల సీసా మూత సరిగ్గా బిగించలేదా?" అని అడిగారు. సీసా మూత బిగించే ఉంది. బండి కుడివైపు తిరిగినప్పుడల్లా డ్యాష్‌బోర్డు లోపల కుండలో నీళ్లు తొణికినట్టు చప్పుడు వస్తోంది, ఆ వెంటనే గ్లోవ్ బాక్సు కింది నుంచి సన్నటి ధార ఆయన చెప్పుల మీద పడుతోంది. మంగళగిరి దగ్గర బండి ఆపి చూస్తే మ్యాటు కింద కార్పెట్టు పిండితే నీరు కారేంతగా తడిసి ఉంది.

ఇలాంటప్పుడు చాలామంది ముందుగా అనుమానించేది గ్యాసును. కొన్ని షాపుల్లోనూ మొదట గ్యాసు నింపించుకోమనీ, తర్వాత కూలింగ్ కాయిల్ మార్చాలనీ చెబుతారు. నిజానికి ఏసీ నుంచి నీరు రావడం లోపం కాదు. ఆ నీరు బండి కిందికి పోకుండా లోపలికి రావడమే లోపం. ఈ తేడా మనసులో పెట్టుకుంటే, ఎక్కువ సందర్భాల్లో పని ఒక గంటలో, దాదాపు ఖర్చు లేకుండా పూర్తవుతుంది.

డ్యాష్‌బోర్డు వెనుక, సాధారణంగా ఎడమవైపున, ఒక ప్లాస్టిక్ పెట్టెలో కూలింగ్ కాయిల్ ఉంటుంది. బ్లోయర్ తోసిన గాలి ఆ కాయిల్ రేకుల మధ్య నుంచి వెళ్లేటప్పుడు చల్లబడుతుంది, అందులోని తేమ చల్లని చెంబు మీద చెమట పట్టినట్టు రేకుల మీద నీటి బొట్లుగా మారుతుంది. 30 డిగ్రీల వేడి, 70 శాతం తేమ ఉన్న మన వానాకాలపు గాలిలో ప్రతి ఘనపు మీటరుకూ సుమారు 21 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. అదే గాలిని 5 డిగ్రీలకు చల్లబరిస్తే అందులో 7 గ్రాములే నిలుస్తుంది, మిగిలిన 14 గ్రాములూ నీరై కిందికి జారుతాయి. బయటి గాలిని లోపలికి తీసుకునే మీటలో బండి నడిపితే గంటకు లీటరుకు పైగా నీరు రావడం మన ప్రాంతంలో వింతేమీ కాదు. రోహిణి కార్తె వడగాడ్పుల్లో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి పైపు సగం మూసుకున్నా తెలియదు. వానలు పడి ఉక్కపోత మొదలయ్యాక, అదే పైపు ఆ నీటిని మోయలేక బయటపడుతుంది. మే నెలలో బాగా పనిచేసిన ఏసీ ఆగస్టులో కాళ్లు తడపడానికి కారణం ఇదే.

పని మొదలుపెట్టే ముందు అది ఏ నీరో తేల్చుకోవాలి. ఒక తెల్లటి కాగితాన్ని గానీ పాత తెల్ల బట్టను గానీ తడి మీద అద్ది, వెలుతురులో చూసి, వేళ్ల మధ్య రుద్ది, వాసన చూడండి. రంగూ జిగురూ లేకుండా మామూలు నీటిలా ఉంటే అది ఏసీ నీరో, వాన నీరో అయి ఉంటుంది. పచ్చగానో, గులాబీ రంగులోనో ఉండి, వేళ్లకు కొంచెం జిడ్డుగా తగులుతూ, తియ్యటి వాసన వస్తుంటే అది కూలెంటు, అంటే ఇంజినును చల్లబరిచే ద్రవం. దాని అర్థం బండి లోపలి గాలిని వేడి చేసే హీటర్ కాయిల్ కారుతోందని. అలాంటప్పుడు ముందు అద్దం లోపలి వైపు తుడిచినా పోని మసక పడుతుంది, ఇంజిను దగ్గరి కూలెంటు డబ్బాలో మట్టం తగ్గుతుంది. అది ఇంట్లో చేసుకునే పని కాదు. పైగా కూలెంటు విషపూరితం, పిల్లలనూ పెంపుడు కుక్కలనూ ఆ తడికి దూరంగా ఉంచి బండిని నేరుగా మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాలి.

ఏసీ నీటికీ వాన నీటికీ తేడా కనుక్కోవడం తేలిక, కాకపోతే కాస్త ఓపిక కావాలి. లోపల తడి తుడిచి, రెండు రోజులు ఏసీ వేయకుండా బండి నడపండి. తడి మళ్లీ రాకపోతే దోషం ఏసీ దారిదే. ఏసీ వేయకపోయినా వాన పడిన రోజున తడుస్తుంటే, వైపర్ల కింద ఉండే నల్లటి జాలీ ప్లాస్టిక్ పలకను ముందు పరిశీలించాలి. వేప చెట్టు కిందో కానుగ చెట్టు కిందో బండి నిలిపేవారికి ఇది మరీ అవసరం, ఎందుకంటే రాలిన పూలూ ఆకులూ ఆ జాలీ కింద మెత్తటి ఎరువులా పేరుకుని, వాన నీరు పోయే రంధ్రాలను మూసేస్తాయి. దారి లేని నీరు బ్లోయర్ గాలి తీసుకునే మార్గం గుండా లోపలికి దిగుతుంది. చేత్తో ఆ చెత్త తీసి, ఒక మగ్గుతో నీళ్లు పోసి, అవి ముందు చక్రాల వెనుక నుంచి కిందికి పోతున్నాయో లేదో చూసుకుంటే ఆ సందేహం తీరుతుంది.

ఇక డ్రెయిన్ పైపు సంగతి. కూలింగ్ కాయిల్ ఉన్న పెట్టె అడుగున ఒక పళ్లెం లాంటి గుంట ఉంటుంది, దాని నుంచి బొటనవేలంత లావు రబ్బరు గొట్టం ఒకటి ఇంజినుకూ క్యాబిన్‌కూ మధ్యనున్న ఇనుప గోడలోంచో, నేలలోంచో బయటికి వస్తుంది. చాలా కార్లలో ఇది ఎడమ ముందు చక్రానికి లోపలివైపున, ఆ గోడ కింది భాగంలో, పొట్టి ముక్కులా వంగి కనిపిస్తుంది. అంతా బాగున్న రోజున ఏసీ వేసి నిలిపిన బండి కింద ఎక్కడ నీళ్లు బొట్లు బొట్లుగా పడతాయో గుర్తుంటే, గొట్టం సరిగ్గా ఆ పైనే ఉంటుంది.

ఇంజిను ఆపి, తాళం తీసి, కనీసం గంటసేపు చల్లారనివ్వాలి, ఎందుకంటే సైలెన్సరు గొట్టం ఆ పక్క నుంచే పోతుంది, తగిలితే చర్మం ఊడుతుంది. కొన్ని బండ్లలో బానెట్ ఎత్తి టార్చిలైటు వేస్తే గొట్టం పైనుంచే చేతికి అందుతుంది. అందకపోతే కిందికి వెళ్లాలి. బండితో ఇచ్చిన జాకీ టైరు మార్చడానికి మాత్రమే పనికొస్తుంది, దాని ఆధారంతో బండి కిందికి దూరడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. సరైన స్టాండ్లు లేనివారు వాటర్ సర్వీసింగ్ చేసే చోట ర్యాంపు మీదికి బండి ఎక్కించమని అడగవచ్చు. విజయవాడ ఆటోనగర్‌లో గానీ గుంటూరు ఆటోనగర్‌లో గానీ ర్యాంపు ఉన్న షెడ్డు దొరకడం కష్టం కాదు.

గొట్టం కనిపించాక దాని మూతిని రెండు వేళ్లతో నొక్కి వదలండి. కొన్ని గొట్టాల చివర పురుగులు దూరకుండా రెండు పెదవుల్లా అతుక్కుని ఉంటుంది, దుమ్ము చేరితే ఆ పెదవులు విడివడవు. నొక్కి వదలడంతోనే నీళ్లు భళ్లున దూకిన సందర్భాలు ఉన్నాయి, కాబట్టి ముఖం నేరుగా దాని కింద పెట్టకండి. లోపల చెంబుడు నీళ్లు నిలిచి ఉండవచ్చు, అవి నల్లగా, ముక్కిన బియ్యం వాసనతో వస్తాయి.

నీళ్లు రాకపోతే మూసుకున్నదాన్ని కిందికి లాగడమే మంచి పద్ధతి, పైకి తోయడం కాదు. తడిని పీల్చే వ్యాక్యూమ్ క్లీనరు ఉంటే దాని మూతిని గొట్టానికి ఆనించి, చుట్టూ తడి గుడ్డ చుట్టి, ఒకటి రెండు నిమిషాలు నడపాలి. అది లేకపోతే మందుల దుకాణంలో దొరికే పెద్ద సిరంజికి పొట్టి గొట్టం ముక్క తగిలించి నాలుగైదుసార్లు పీల్చినా సాధారణంగా సరిపోతుంది. అప్పటికీ కదలకపోతే, ఎలక్ట్రికల్ షాపులో అమ్మే పొడవాటి ప్లాస్టిక్ కేబుల్ టై ఒకటి తీసుకుని, దాని సన్నటి కొనను గొట్టంలోకి నెమ్మదిగా పంపి, తిప్పుతూ బయటికి లాగాలి. జానెడుకు మించి లోపలికి పంపకూడదు. ఇనుప తీగ, గొడుగు ఊచ, స్క్రూడ్రైవరు వాడితే అవి గొట్టం దాటి కూలింగ్ కాయిల్‌కు తగులుతాయి. ఆ అల్యూమినియం గొట్టాలు పలుచన, ఒక్క పోటుకే గ్యాసు మొత్తం పోతుంది. పంక్చరు షాపు గాలితో ఊదించే అలవాటు కూడా నాకు నచ్చదు. ఆ ఒత్తిడికి చెత్త పళ్లెంలోకి తిరిగి వెళుతుంది, ఒక్కోసారి గొట్టమే లోపలి పెట్టె నుంచి ఊడిపోతుంది. ఊడిపోయిన గొట్టాన్ని తిరిగి తగిలించాలంటే ఎడమ సీటు ముందు తలకిందులుగా పడుకుని, కార్పెట్టు వెనక్కి లాగి, చీకట్లో తడుముకోవాలి.

మా బండిలో దొరికిన కారణం ఇవేవీ కాదు. వానలకు ముందు తుప్పు పట్టకుండా బండి అడుగుకు నల్లటి కోటింగు వేయించాము, ఆ పని చేసినవారు గొట్టం మూతిని కప్పకుండానే మందు చల్లారు. రబ్బరు ముక్కు చివర తారు బొట్టులా గట్టిపడి, వేలితో తడిమితే గులకరాయిలా తగిలింది. బ్లేడుతో ఆ పొరను మూతి చుట్టూ కోసి, చిటికెతో లాగేసరికి మోచేతి దాకా తడిసింది. కోటింగు వేయించాలనుకునేవారు ఆ మూతికి ముందుగా ఒక టేపు ముక్క అంటించమని చెప్పి, పని అయ్యాక దగ్గరుండి అది తీయించుకోవడం మంచిది. నేలకు సెవెన్ డీ మ్యాట్లు, అంటే కార్పెట్టును కప్పే రెక్సిన్ పరుపులు, కుట్టించుకునేవారికీ ఇలాంటి చిక్కే ఉంది. ఆ పనిలో కార్పెట్టు లాగినప్పుడు గొట్టం కదిలిపోవచ్చు, ఆ తర్వాత కారే నీరు రెక్సిన్ కింద దాగి నెలల తరబడి కంటికి కనిపించదు.

పైపు ఎందుకు మూసుకుందో చూడకుండా వదిలేస్తే మళ్లీ మూసుకుంటుంది. గ్లోవ్ బాక్సు రెండు పక్కలా లోపలికి నొక్కి కిందికి వంచితే, దాని వెనుక ఏసీ ఫిల్టరు ఉన్న సన్నటి మూత చాలా కార్లలో కనిపిస్తుంది. ఫిల్టరు లేకుండానే తిరుగుతున్న బండ్లూ ఉన్నాయి, వాటిలో రోడ్డు దుమ్మంతా తడి కాయిల్‌కు అంటుకుని, బురదగా మారి, పళ్లెంలోకి దిగుతుంది. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల రోజూ తిరిగే బండ్ల ఫిల్టరు విప్పేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవడం మరవకండి, ఎర్రటి ఆ పొడి దులిపితే ఇంటిల్లిపాదీ తుమ్ముతారు. కాగితపు ఫిల్టరును నీళ్లతో కడగకూడదు, మార్చాలి. కొత్తది పెట్టేటప్పుడు దాని అంచు మీద ఉన్న బాణం గుర్తు గాలి వెళ్లే దిక్కుకే ఉండాలి.

పైపు బాగానే ఉండి కూడా నీరు వస్తుంటే కాయిల్ మీద మంచు కడుతోందేమో చూడాలి. బయలుదేరిన అరగంట దాకా చల్లగా ఉండి, తర్వాత బ్లోయర్ చప్పుడు అలాగే ఉన్నా గాలి తగ్గిపోవడం, ఏసీ ఆపి బ్లోయర్ మాత్రం ఉంచితే కాసేపటికి గాలి తిరిగి రావడం దీని లక్షణాలు. ఆ మంచు కరిగినప్పుడు నీరు ఒక్కసారిగా దిగి పళ్లెం పొంగుతుంది. ఫిల్టరు మార్చినా ఇది తగ్గకపోతే కారణం గ్యాసు తగ్గడమో, కాయిల్ చల్లదనాన్ని కొలిచే సెన్సరు చెడడమో కావచ్చు. అప్పుడు మాత్రమే గ్యాసు మాట ఎత్తే ఏసీ మెకానిక్‌తో ఏకీభవించాలి. లీకు ఎక్కడుందో చూడకుండా గ్యాసు నింపేవారితో మాత్రం అప్పుడు కూడా కాదు.

పైపు తెరుచుకున్నంత మాత్రాన పని పూర్తయినట్టు కాదు. కార్పెట్టు పైన ఆరినట్టు కనిపించినా దాని అడుగున ఉండే మందపాటి ఫోము నీటిని పట్టి ఉంచుతుంది, కృష్ణ ఒడ్డున మన ఉక్కపోతకు అది దానంతట అది ఆరదు. తలుపు గడప మీది ప్లాస్టిక్ పట్టీని పైకి లాగితే క్లిప్పులు వదులుతాయి. అక్కడి నుంచి కార్పెట్టు అంచు ఎత్తి, కింద ఒక ఖాళీ నీళ్ల సీసా ఆనుగా పెట్టి, పాత తువ్వాళ్లతో అద్ది, తలుపులు తెరిచి, టేబుల్ ఫ్యాను ఒక పగలంతా తిప్పాలి. సీటు కింద కనిపించే పసుపు రంగు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగుకు సంబంధించినవి, తడిగా ఉన్నా వాటిని విప్పకూడదు. ఆరాక గుప్పెడు తినే సోడా చల్లి, మర్నాడు వ్యాక్యూమ్‌తో తీస్తే వాసన చాలావరకు పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు మునిగిన బండిని పాత కారుగా కొన్నవారు ఈ ఫోము కింద, ఏసీ పెట్టె అడుగున సన్నటి ఒండ్రు పొర ఉందేమో కూడా చూసుకోవాలి. అలాంటి ఒండ్రును సిరంజితో తీయలేము, పెట్టె విప్పించాల్సిందే.

చివరగా పరీక్ష. బండిని చదునైన, పొడిగా ఉన్న సిమెంటు నేల మీద, గాలి ఆడే చోట నిలిపి, ఏసీ పూర్తి చల్లదనంలో, బ్లోయర్ మధ్య వేగంలో, బయటి గాలి మీటలో పెట్టండి. తేమగా ఉన్న రోజున పది పదిహేను నిమిషాల్లో ఎడమ ముందు భాగం కింద బొట్లు మొదలై, అరచేయంత మడుగు కట్టాలి. మడుగు కట్టాక బండిని వీధి చివరి దాకా నడిపి, రెండు మలుపులు తిప్పి, డ్యాష్‌బోర్డులో తొణికే చప్పుడు ఉందేమో వినండి. ఆ తర్వాత వారం రోజులు, దిగే ముందు ఎడమ కాళ్ల దగ్గర ఒక పాత వార్తాపత్రిక మడత వేసి, దాని మీద పిడికిలితో గట్టిగా నొక్కి చూడండి. కాగితం మీద తడి మచ్చ కనిపించినన్నాళ్లూ గడప పట్టీని తిరిగి బిగించకుండా వదిలేయండి.