గిరాకీ తగ్గిన నెలల్లో కిరాణా కొట్టులో డబ్బు రొటేషన్ ఆగకుండా చూసుకోవడం ఎలా?

గిరాకీ పడిపోయినప్పుడు కొట్టు డబ్బు రెండు చోట్ల ఇరుక్కుంటుంది: అటక మీది సరుకులో, ఖాతా పుస్తకంలో. గల్లాపెట్టె ఖాళీ అయ్యాక వీటి జోలికి వెళ్తే ఆలస్యమైనట్టే.

ముందు రోజుకు ఎంత అమ్మితే గట్టెక్కుతామో లెక్క తేల్చుకోండి. అద్దె 6,000, కరెంటు 2,500, కుర్రాడి జీతం 9,000 అనుకుందాం. నెలకు 17,500. నూటికి పది మిగిలే కొట్టయితే ఈ ఖర్చుకే నెలకు 1,75,000, అంటే రోజుకు సుమారు 5,800 అమ్మాలి. చాలామంది లెక్క ఇక్కడే ఆపేస్తారు. ఇంటి ఖర్చు 12,000 కూడా గల్లాలోంచే పోతోంది కదా! అదీ కలిపితే రోజుకు 9,800 దాటాలి. ఎనిమిది వేల అమ్మకం చూసి ‘ఫర్వాలేదు, నడుస్తోంది’ అనుకునే కొట్టు నెలకు 5,500 చొప్పున పెట్టుబడిని తినేస్తోంది.

పక్క కొట్టుతో పోటీపడి ధర నూటికి ఐదు తగ్గిస్తే, పాత లాభం రావడానికి రెట్టింపు సరుకు అమ్మాలి. మందగించిన రోజుల్లో అంత జనం ఎక్కణ్ణుంచి వస్తారు?

ఇక అరువు. ఒక్కసారిగా ఆపేస్తే పల్లెలో ఇంకో చిక్కు: బాకీ ఉన్న మనిషి చేతిలో నగదు పట్టుకుని మన గుమ్మం దాటి రెండో కొట్టుకు పోతాడు, మన బాకీ అలాగే ఉండిపోతుంది. అందుకే ఆపడం కంటే ఇంటింటికీ హద్దు పెట్టడం మేలు. నెల జీతగాళ్లకు ఒక నెల సరుకు, అది తీరాకే కొత్త పేజీ. వారం కూలీకి వెళ్లేవాళ్లకు వారానిదే. రైతు దగ్గర పంట అమ్మేదాకా ఆగక తప్పదు. ఎన్ని ఎకరాలున్నాయని కాకుండా, పోయిన పంటకు ఎంత కట్టాడో చూసి హద్దు తేల్చండి.

నలుగురి ముందు అడగొద్దు. ‘ఏమన్నా సర్దుతారా అన్నా’ అంటే ‘చూద్దాంలే’ అనే జవాబే వస్తుంది. ‘అన్నా, మొత్తం 3,400 అయింది, శనివారం వెయ్యి ఇవ్వండి’ అని అంకె, రోజు చెప్పి అడగండి. వెయ్యి ఇచ్చాక పేజీలో గీత గీసి, ‘మిగిలింది 2,400’ అని రాసి, తేదీ వేసి సంతకం చేయించుకోండి. మామూలుగా అరువు సరుకు బాకీకి కోర్టుకెళ్లే గడువు మూడేళ్లు. గడువు తీరకముందే చేసిన అలాంటి సంతకంతో ఆ మూడేళ్లు మళ్లీ మొదలవుతాయి. కోర్టుదాకా ఎవరూ వెళ్లరనుకోండి, అయినా ‘అంత ఎక్కడిది?’ అనే గొడవ ఉండదు. రెండు వేలు మునిగితే, దాన్ని లాభంలోంచి పూడ్చడానికి ఇరవై వేల అమ్మకం కావాలి.

సరుకు వచ్చిన రోజే పెట్టె మీద మార్కర్‌తో తేదీ వేయండి. 45 రోజులైనా కదలనిది ముందు వరుసలోకి రావాలి, మళ్లీ ఆర్డరు పెట్టకూడదు. వానాకాలంలో పప్పులు, రవ్వ వారానికి సరిపడానే తెచ్చుకోండి. చెమ్మకు పురుగు పడితే బస్తాకు బస్తా పోతుంది. ‘పది పెట్టెలకు ఒకటి ఉచితం’ స్కీమ్ దగ్గర జాగ్రత్త. అందులో కలిసొచ్చేది 9 శాతమే. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కొని, మూడు నెలలు అటక మీద ఉంచితే ఆ 9 వడ్డీకే సరి.

అప్పు తప్పనిసరైతే డైలీ ఫైనాన్స్ ఆఖరి దారి. పదివేలని రాసుకుని చేతికి తొమ్మిది వేలిచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టించుకుంటే, అసలు రోజురోజుకూ తగ్గుతోంది గనక, వడ్డీ ఏడాదికి 80 శాతం దాకా పడుతుంది. ముద్రా పథకంలో శిశు విభాగం కింద 50,000 వరకు తాకట్టు లేకుండా బ్యాంకు అప్పు దొరుకుతుంది. అయితే చేతిలో డబ్బు అయిపోయాక కాదు, అమ్మకాలు ఇంకా ఖాతాలో కనిపిస్తున్నప్పుడే అడగాలి. యూపీఐ డబ్బు కూడా ఆ బ్యాంకు ఖాతాలోకే పోయేలా చూసుకోండి.

కిస్తీ తప్పేలా ఉంటే ముందే మేనేజరును కలవండి. కట్టాల్సిన కిస్తీ 90 రోజులు దాటినా కట్టకపోతే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది, కొత్త అప్పు పుట్టదు. వాయిదా ఇస్తామంటే వడ్డీ నడుస్తుందా అని అడగండి: 2020లో మార్చి నుంచి ఆగస్టు దాకా ఇచ్చిన మారటోరియంలో కిస్తీ ఆగింది గానీ వడ్డీ ఆగలేదు. సంతకం పెట్టే ముందు కొత్త కిస్తీల పట్టిక చేతికి తీసుకోండి.