వెనక బ్యాటరీ దగ్గర బ్రేకర్ ఉందా? బయల్దేరే ముందే చూసుకోండి

పోయిన వారం తెలిసినవాళ్ల క్యాంపర్ వ్యాన్‌లో సీటు కింద వైరు అంటుకుంది. మనుషులు క్షేమంగా దిగిపోయారు కానీ లోపల పరుపులు, చెక్కపని అంతా కాలిపోయింది. ఇలాంటి వ్యాన్లలో ఇంజిన్ బ్యాటరీ కాక, లోపలి వాడకానికి వెనక ఇంకో బ్యాటరీ ఉంటుంది. అంటుకున్నది ఆ రెండింటినీ కలిపే వైరే. బానెట్ కింద, ఇంజిన్ బ్యాటరీ పక్కన బ్రేకర్ (కరెంటు మితిమీరితే తెగ్గొట్టే స్విచ్) ఉంది. అది ట్రిప్ అయింది కూడా. అయినా వైరు మండుతూనే ఉంది, ఎందుకంటే దాని రెండో కొస వెనక బ్యాటరీకి ఉంది. అక్కడ బ్రేకర్ లేదు.

నేను మళ్లీ మళ్లీ చూస్తున్న తప్పు ఇదే. రెండు బ్యాటరీల మధ్య వైరుకి కరెంటు రెండు వైపుల నుంచీ వస్తుంది. మధ్యలో ఎక్కడ ఒరుసుకుని వ్యాన్ బాడీకి తగిలినా రెండు బ్యాటరీలూ చెరోవైపు నుంచి వందల ఆంపియర్లు తోస్తాయి. కాబట్టి రెండు కొసల్లోనూ బ్రేకర్ ఉండాలి, బ్యాటరీ ప్లస్ టెర్మినల్‌కి జానెడు లోపే. "ఐసొలేటర్ ఉందిగా" అంటారు. ఐసొలేటర్ అంటే ఇంజిన్ ఆగినప్పుడు రెండు బ్యాటరీలనూ విడదీసే పరికరం. అది చూసేది వోల్టేజీని, షార్ట్ సర్క్యూట్‌ని కాదు.

ఇక రేటింగ్, అంటే ఎన్ని ఆంపియర్లు దాటితే బ్రేకర్ తెగాలన్నది. బ్రేకర్ ఉన్నది వైరును కాపాడడానికి. వైరు మోయగలిగినదాన్ని మించకూడదు. 60 ఆంపియర్ల బ్రేకర్ ఊరికే ట్రిప్ అవుతోందని 100ది బిగిస్తే, ఈసారి ముందు కాలేది వైరే.

లిథియం బ్యాటరీ అయితే ఇంకా జాగ్రత్త. షార్ట్ అయితే వేల ఆంపియర్లు వస్తాయి, చిన్న బ్రేకర్ కాంటాక్టులు అతుక్కుపోయి తెగవు. ఆ కొసన అంత కరెంటునీ తెగ్గొట్టగల క్లాస్ టీ రకం ఫ్యూజ్ వేయండి.

ఇంట్లో వాడే ఏసీ ఎంసీబీ పెట్టకండి. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకి వస్తుంది కాబట్టి అందులో నిప్పురవ్వ ఆరిపోతుంది, డీసీలో ఆరదు. ప్లస్ మైనస్ గుర్తులుండి ఒకే దిశలో పనిచేసే బ్రేకర్ వద్దు, ఈ వైరులో కరెంటు రెండు దిశల్లోనూ పారుతుంది. దానంతటదే ఆన్ అయ్యే రకం అసలే వద్దు. ట్రిప్ అయితే కారణం దొరికేదాకా ఆన్ చేయొద్దు. రేకులో రంధ్రం గుండా వైరు లాగితే రంధ్రం అంచుకి రబ్బరు గ్రోమెట్ (వైరు కోసుకుపోకుండా ఉండే రింగు) తప్పనిసరి. వైరు కొసలకు తొడిగే లోహపు లగ్గులు సుత్తితో కొట్టి అతికించకండి, వాటిని నొక్కి బిగించే క్రింపింగ్ టూల్ వాడండి. లోడ్ మీద అరగంట నడిపి ప్రతి జాయింటూ ముట్టి చూడండి. వేడిగా ఉంటే విప్పి మళ్లీ బిగించండి. విప్పేటప్పుడు ముందు మైనస్. వెనక బ్యాటరీ దగ్గర బ్రేకర్ లేకపోతే ఆ వైరు ఈరోజే విప్పేయండి, రెండు కొసలా.