కర్నూలు చూడాలంటే ఇలా ప్లాన్ చేసుకోండి

పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ తినేసి గేటు తీసే వేళకల్లా కొండారెడ్డి బురుజు దగ్గరుండండి, ఎండ ముదిరాక ఆ రాతిమెట్లు ఎక్కడం మా వల్లే కాదు, ఇక మీ వల్ల ఏమవుతుంది! విజయనగర రాజుల నాటిది. ఊరి నడిబొడ్డునే ఉంది, ఎవరినడిగినా చెబుతారు.

తర్వాత హంద్రీ ఒడ్డున గోల్ గుమ్మజ్. 1618 నాటి అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి, అరగంట చాలు. సాయంత్రం నంద్యాల రోడ్డులో ఓర్వకల్లు రాళ్ల తోటకి వెళ్లండి, 20 కిలోమీటర్ల పైనే, చెప్పులు కాదు బూట్లు వేసుకోండి.

అసలైంది ఎర్రగుడి. దానికి విడిగా ఒక పూట ఉంచుకోండి, బస్సుల కోసం చూస్తే టెన్షనే, బండి ఉంటే నయం. జొన్నగిరి దగ్గరున్న ఈ ఊరి బండరాళ్ల మీద అశోకుడి శాసనాలు, 2,200 ఏళ్ల పైబడినవి, బ్రాహ్మీ లిపిలో. ఒకచోట కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకి నడుస్తాయి, అచ్చం మడక చాలు తిరిగినట్టు. నెత్తిన ఎండ ఉన్నప్పుడు వెళ్తే గీతలు ఆనవు. పొద్దున గానీ, పొద్దు వాలాక గానీ ఏటవాలు వెలుతురులో అక్షరాలు పైకి తేలతాయి. చేత్తో రుద్దొద్దు, సుద్దముక్కతో దిద్దొద్దు. తొలకరిలో వెళ్తే దారిలో చేలల్లో తలలు వంచుకుని తిరిగే జనం కనిపిస్తారు, వాళ్లు వెతికేది వజ్రాలు. మీరూ దిగారంటే ఆ పూట శాసనాలు చూసినట్టే!